రాయలవారి వేకువ సాము

మదురై, కోయంబత్తూరు ప్రాంతములలో స్థిరపడిన తెలుగు కుటుంబములు ఎన్ని తరములు గడచినా శ్రీకృష్ణదేవరాయల పేరు మరువలేదు. ఆముక్తమాల్యద, భువనవిజయము, అష్టదిగ్గజములు, తెనాలి రామకృష్ణుని చమత్కారములు, ఇవన్నీ తెలుగు బడిలో అక్షరాభ్యాసము చేసిన ప్రతివానికీ పరిచితములే. సభలో కొలువుదీరిన రాయలను ఎరుగనివారు లేరు. అయితే కొలువుకు రాకముందు, ఇంకా తెలవారకముందు, ఆ మహారాజు ఏమి చేసేవాడన్న సంగతి ఎరిగినవారు తక్కువ. ఆ వేళను కన్నులకు కట్టినట్లు వ్రాసి ఉంచినవాడు ఆస్థానకవి కాదు. డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చి, తాను చూచినదీ విన్నదీ ఓపికగా వ్రాసుకొన్నాడు. ఆ వ్రాతప్రతి పారిస్ గ్రంథాలయములో చాలాకాలము పడి ఉండి 1897లో అచ్చయినది. రాబర్టు స్యూయెల్ 1900లో తన విజయనగర చరిత్రతోపాటు దానిని ఆంగ్లములోనికి తెచ్చిన తరువాతనే రాయల దినచర్య మనకు తెలియవచ్చినది.

రాయలు తుళువ వంశజుడు. తండ్రి నరసనాయకుడు, తల్లి నాగలాంబ. అన్న వీరనరసింహరాయల తరువాత 1509లో సింహాసనమెక్కినాడు. ఆ ఎక్కుట కూడ సులభముగా జరుగలేదని ఫెర్నావో న్యూనిజ్ అనే మరొక పోర్చుగీసువాడు ఒక కథ చెప్పినాడు. మరణశయ్యపై ఉన్న అన్న తన ఎనిమిదేండ్ల కుమారునికి రాజ్యము దక్కవలెనని తలచి, తమ్ముని కన్నులు తీయించవలసినదిగా తిమ్మరుసును ఆజ్ఞాపించినాడట. మంత్రి మేక కన్నులు తెచ్చి చూపి కృష్ణరాయని కాపాడినాడట. చరిత్రకారులు ఈ కథను పూర్తిగా విశ్వసించరు. అయినను తిమ్మరుసును అప్పాజీ అని తండ్రివలె గౌరవించిన రాయల కథలో ఇది చెదరక నిలిచిపోయినది. చివరకు ఏమి జరిగినదో ఎరిగినవారికి ఈ మొదటి ఘట్టము మరింత బాధ కలిగిస్తుంది.

ఆనాటి రాజ్యము నలుదిక్కులా సమస్యలతో ఉన్నది. దక్షిణమున ఉమ్మత్తూరు పాలెగాడు తిరుగుబాటు చేసినాడు. తూర్పున ఉదయగిరి, కొండవీడు గజపతుల చేతులలో ఉన్నవి. ఉత్తరమున బహమనీ రాజ్యము ముక్కలై సుల్తానులు బలపడుచున్నారు. పేస్ చూచిన వేకువ సాము ఈ పదేండ్ల దండయాత్రలను దాటి వచ్చిన రాజుది.

పేస్ వ్రాసినది ఇది. రాయలు ప్రతిదినము తెల్లవారకముందే లేచి సుమారు ముప్పాతిక పైంటు, అనగా నాలుగువందల మిల్లీలీటర్ల నువ్వులనూనె త్రాగుతాడు. అదే నూనెను ఒంటినిండ పట్టించుకొంటాడు. నడుమునకు చిన్నబట్ట చుట్టుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తుతాడు. తరువాత కత్తి చేపట్టి, పట్టించిన నూనె అంతయు చెమటగా కారిపోవువరకు కత్తిసాము చేస్తాడు. అటుపై తన మల్లులలో ఒకనితో కుస్తీ పడతాడు. అదియు ముగిసిన పిమ్మట గుఱ్ఱమెక్కి మైదానములో అటూ ఇటూ దౌడు తీయిస్తాడు. ఇంత జరిగేసరికి తెల్లవారుతుంది. అప్పుడు స్నానము. ఆయనకు పూజ్యుడైన ఒక బ్రాహ్మణుడు స్నానము చేయిస్తాడు. పిదప నగరులోని దేవాలయములో పూజ, ఆ తరువాత స్తంభముల మండపములో తిమ్మరుసుతోను అధికారులతోను రాజకార్యము.

తమిళదేశపు తెలుగు ఇండ్లలో నువ్వులనూనెను మంచినూనె అనే పిలుస్తారు. ఆ మంచినూనె తలకు పట్టించుకొని శనివారము తలంటు పోసుకొను ఆచారము ఇంకా ఎన్నో ఇండ్లలో ఉన్నది. రాయలకు ప్రతి ఉదయమూ శనివారమే అన్నమాట. ఆయన నూనె త్రాగినాడు కదా అని పిల్లలచేత త్రాగించబోవద్దు. అంత నూనెను ఖర్చుచేయగల శ్రమ ఆయన వెంటనే చేసేవాడు. మనము నూనె త్రాగి కుర్చీలో కూర్చుంటాము.

ఇట్టి సాము చేసే రాజు చూపులకు ఎట్లుండేవాడు? మహామంత్రి తిమ్మరుసు చిత్రములో రామారావుగారిని చూచిన తరమునకు రాయలు అనగానే ఒక భవ్యమూర్తి మనసున మెదలుతుంది. పేస్ మాత్రము ఉన్నదున్నట్లు వ్రాసినాడు. మధ్యరకము ఎత్తు, చక్కని ఛాయ, మంచి కట్టు, సన్నమనుటకంటె కొంచెము లావే అనదగిన శరీరము, ముఖముపై మశూచి మచ్చలు. చిన్ననాడో యౌవనములోనో మృత్యుముఖమునుండి బయటపడిన దేహమన్నమాట. మనస్సు ఉల్లాసముతో నిండినది, విదేశీయులపై ఆదరము గలది. అయితే హఠాత్తుగా కోపము వచ్చేదని కూడ పేస్ వ్రాయక మానలేదు.

రోజూ ఇంత శ్రమ ఒక మనిషికి తగునా, నడుమ విశ్రాంతి దినము ఉండనక్కరలేదా అను ప్రశ్న ఇక్కడ సహజముగా పుట్టుతుంది. రాయల కాలపు చదువులో దీనికి ఒక జవాబు ఉన్నది. వేదపాఠశాలలలో అధ్యయనమునకు సెలవు దినములు నియతములు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్య అనధ్యాయములు. ఆ రోజులలో గురువు పాఠము చెప్పడు, శిష్యుడు చదువడు. కాని అభ్యంగమును, వ్యాయామమును వైద్యులు దినచర్యలో చేర్చినారు. పండ్లు తోముకొనుటకు, స్నానమునకు సెలవు లేనట్లే దీనికిని లేదు. తిథినిబట్టి సెలవు ఇచ్చుటకు బదులుగా వారు కొలత పెట్టినారు. వాగ్భటుని అష్టాంగహృదయము ప్రకారము బలవంతుడు, నెయ్యీ నూనె గల భోజనము చేయువాడు సైతము తన శక్తిలో సగము మేరకే శ్రమించవలెను. అదియు చలికాలమునను వసంతమునను. మిగిలిన ఋతువులలో ఇంకను తగ్గించుకోవలెను. అజీర్ణము చేసినవారు, బాలురు, వృద్ధులు వ్యాయామమును మానవలెను. హద్దుమీరి శ్రమించినవాడు ఏనుగును ఈడ్చబోయిన సింహమువలె తానే నశిస్తాడని కూడ ఆ గ్రంథము హెచ్చరిస్తుంది.

ప్రాచీన గ్రీకు మల్లుల శిక్షకులు మరొక దారి పట్టినారు. నాలుగు రోజుల చక్రము ఒకటి ఏర్పరచి, ఒకనాడు సన్నాహము, ఒకనాడు తీవ్రశ్రమ, ఒకనాడు విశ్రాంతి, ఒకనాడు మధ్యమశ్రమ చేయించేవారు. చూచుటకు శాస్త్రీయముగనే ఉన్నది. కాని ఫిలొస్ట్రాటస్ అనే రచయిత ఆ చక్రమును నిందించినాడు. జెరెనస్ అనే మల్లుడు ఒలింపియాలో గెలిచి, విందులో త్రాగి, మరునాడు శరీరము సరిగా లేదని శిక్షకునితో మొరపెట్టుకొన్నాడట. శిక్షకుడు వినక, ఆనాటి వంతు ఆనాడే చేయవలెనని పట్టుబట్టి అభ్యాసము చేయించగా ఆ యువకుడు అక్కడనే ప్రాణములు విడిచినాడు. విశ్రాంతి దినము చక్రములో ఉన్నది. కావలసిన నాడు మాత్రము లేకపోయినది.

నేటి శాస్త్రజ్ఞులు కండరములు శ్రమలో కాక, శ్రమ తరువాతి విశ్రాంతిలో బలపడునని చెప్పుచున్నారు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ఇచ్చిన సలహా ప్రకారము పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యమ శ్రమయు, కండరములను బలపరచు వ్యాయామము వారములో రెండు రోజులైనను అవసరము. అయిదు మొదలు పదునేడేండ్ల వయస్సు పిల్లలకు మాత్రము సగటున రోజుకు అరువది నిమిషములు. పరీక్షలు దగ్గరపడగానే మొట్టమొదట ఆటల పీరియడును రద్దుచేయు అలవాటు మన బడులన్నిటా ఉన్నదే గనుక ఈ అంకె తల్లిదండ్రులకు పనికివచ్చును.

రాయల సామును ఈ దృష్టితో చూచినచో అది ఒకే పనిని విసుగులేక చేయుట కాదని తెలియును. బరువులు భుజములకు, కత్తి మణికట్టునకును చూపునకును, కుస్తీ నడుమునకు, గుఱ్ఱపు స్వారి తొడలకు. ఒక అవయవము అలసినచో మరొకటి పని అందుకొనును. సూర్యోదయముతో పని పూర్తి. మిగిలిన పగలంతయు రాజ్యమునకు. ఆముక్తమాల్యదలోని రాజనీతి ప్రకరణమున కూడ రాజు తన పగటిని ఎవరెవరితో ఎట్లు పంచుకోవలెనో చెప్పుచు వైద్యులకు ఒక వేళ, మల్లులకు ఒక వేళ కేటాయించినాడు. పరిపాలనను గూర్చి పలికిన పద్యములలో పహిల్వానులకు చోటిచ్చిన కవిరాజు తాను చేయనిది చెప్పలేదనుటకు పేస్ సాక్షి.

దండయాత్రలలో ఈ నియమము వేరొక పరీక్షకు నిలిచినది. ఉమ్మత్తూరు పాలెగానిని అణచిన తరువాత రాయలు 1513లో ఉదయగిరిని ముట్టడించినాడు. ఆ దుర్గము లొంగుటకు సుమారు ఏడాదిన్నర పట్టినది. కొండపైకి త్రోవ లేక, బండలు పగులగొట్టించి సైన్యము నడచుటకు వెడల్పైన బాట వేయించవలసి వచ్చినది. ముట్టడి అనునది యుద్ధములోని నిరీక్షణ. కత్తి దూయు దినములు కొన్ని, కాచుకొని ఉండు దినములు వందలు. అట్టి చోట రోజూ కదలని సైనికుడు మొదట శరీరమును, తరువాత మనస్సును పోగొట్టుకొంటాడు. 1514లో ఉదయగిరి లొంగినది. అక్కడి బాలకృష్ణుని విగ్రహమును తెచ్చి 1515లో విజయనగరములో ప్రతిష్ఠించినాడు. అదే ఏడు కొండవీడు పడినది. 1516 నాటికి సింహాచలములో రాయల శాసనము వెలసినది.

ఈ పరుగు నడుమనే ఆ జీవితములో అన్నింటికంటె విలువైన ఆగుదల వచ్చినది. కళింగముపై దండెత్తి పోవుచు కొన్ని దినములు విజయవాడలో విడిసి, కృష్ణాతీరమందలి శ్రీకాకుళమునకు ఆంధ్రవిష్ణువును సేవింపబోయినాడు. ఆ దినము ఏకాదశి. ఉపవసించినాడు. ఆ రాత్రి నాలవ జామున, అనగా రోజూ నూనె పట్టించుకొని సామునకు దిగు వేళకు, స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యము చెప్పుమని కోరినట్లు రాయలే ఆముక్తమాల్యద పీఠికలో చెప్పుకొన్నాడు. కత్తిసామునకు అలవాటుపడి ఆ వేళకు తనంతట మేలుకొను దేహము, ఆహారము మాని, పని మాని నిలిచిన ఒక్క దినమున కావ్యమునకు మేలుకొన్నది.

ఆ కావ్యము ఎక్కడి కథ? మదురైకి చేరువనున్న శ్రీవిల్లిపుత్తూరు కథ. విష్ణుచిత్తుడు రోజూ పూలమాలలు కట్టి స్వామికి సమర్పించుట, గోదాదేవి వానిని ముందు తాను ధరించి చూచుకొనుట, మదురైలో పాండ్యరాజు సభలో వాదము, అంతయు తమిళనాట తెలుగువారు నేడు నడయాడు నేలనే జరిగినది. అందులో విష్ణుచిత్తుడు అతిథులకు అన్నము పెట్టు తీరు చూడదగినది. వానకాలమున కట్టెలు తడిసి ఉండును గనుక టెంకాయ చిప్పలు రాజేసి వండిన వేడి అన్నము, పప్పు, కూరలు, వరుగులు, పెరుగు. వేసవిలో నులివెచ్చని అన్నము, తియ్యని చారు, మజ్జిగ, చెరకురసము, లేత కొబ్బరినీరు. చలికాలమున మిరియపు కారము, ఆవపెట్టిన కూరలు, కాగిన నెయ్యి. అన్నదానము ఒక్కనాడు కూడ ఆగలేదు. వడ్డించినది మాత్రము ఋతువుతోపాటు మారినది. వ్యాయామమును గూర్చి వాగ్భటుడు పెట్టిన కొలతకును దీనికిని దూరము లేదు. దేహమును ఎరిగిన కవి వ్రాసిన వంటకములు ఇవి.

1520 మే నెలలో రాయచూరు వద్ద బిజాపురపు ఇస్మాయిల్ ఆదిల్‌షాతో యుద్ధము. శత్రువు ఫిరంగుల దెబ్బకు విజయనగర సేన ముందువరుస చెదరి వెనుకకు పరుగెత్తినది. న్యూనిజ్ కథనము ప్రకారము రాయలు చావునకు సిద్ధపడినాడు. తన మరణమునకు గుర్తుగా రాణులకు చూపుమని ఉంగరమును తీసి ఒక సేవకునికి ఇచ్చి, గుఱ్ఱమెక్కి, రెండవ వరుసను వెంటబెట్టుకొని తానే శత్రువుపై పడినాడు. పారిపోవుచున్నవారు ఆగినారు. ఆదిల్‌షా సేన కృష్ణ దాటలేక చెల్లాచెదరైనది. ప్రతి వేకువయందు చీకటిలో మైదానముపై గుఱ్ఱమును అటూ ఇటూ త్రిప్పిన అలవాటు ఆ ఒక్క గంటలో పనికివచ్చినది.

మహర్నవమి ఉత్సవములను పేస్ స్వయముగా చూచినాడు. తొమ్మిది దినములు రాజు పగలంతయు ఉపవాసము, అర్ధరాత్రి భోజనము. పగలు మల్లుల పోటీలు. వారికి నాయకులు, న్యాయనిర్ణేతలు ఉండేవారు. ఆ కుస్తీ తన దేశపు కుస్తీవంటిది కాదని పేస్ ఆశ్చర్యపడినాడు. పండ్లు రాలిపోవు దెబ్బలు, కన్నులు పోవు దెబ్బలు. మాటలేక పడిపోయిన వారిని మిత్రులు మోసికొనిపోవుట. న్యూనిజ్ వారి సంఖ్య వేయి అన్నాడు. వారికి రాజ్యములో మరి ఏ కొలువును లేదు. రాజు వేకువ పట్టు పట్టినది ఇట్టి మల్లులలో ఒకనితోనే. ఒకే విద్య వారికి బ్రతుకుతెరువు, దేహనాశము, రాజునకు ఆరోగ్యము. హంపిలోని మహర్నవమి దిబ్బ గోడలపై మల్లుల శిల్పములు నేటికిని చూడవచ్చును.

దేహమును అంతగా అదుపులో ఉంచుకొన్న వానికి కోపము అదుపులోనికి రాలేదు. పసివాడైన కుమారుడు తిరుమలరాయనికి 1524లో పట్టము కట్టి, తానే మంత్రివలె నిలిచి రాజ్యము నడిపించవలెనని తలచినాడు. ఆ బాలుడు జబ్బుపడి మరణించినాడు. తిమ్మరుసు కుమారుడు విషము పెట్టించినాడన్న అనుమానము రాయల చెవిన పడినది. అప్పాజీ అని పిలిచిన నోటితోనే బంధించుమన్నాడు. ఆ వృద్ధుని కన్నులు తీయించినాడు. న్యూనిజ్ చెప్పిన మొదటి కథ నిజమైనచో, ఎవరి కన్నులను ఆ మంత్రి కాపాడినాడో వారిచేతనే తన కన్నులు పోగొట్టుకొన్నాడు. వేకువ చెమటలో నూనె కారిపోవును గాని అనుమానము కారిపోదు.

తరువాత బెళగాముపై దండెత్తుటకు సన్నాహము చేయుచుండగా జబ్బుపడినాడు. గజ్జలలో నొప్పి. ఆ వంశపు పూర్వులు పోయిన వ్యాధియు అదేనని న్యూనిజ్ వ్రాసినాడు. కర్ణాటకములోని తుమకూరు జిల్లా హొన్నేనహళ్ళిలో బయటపడిన కన్నడ శాసనము రాయలు 1529 అక్టోబరు 17, ఆదివారమున మరణించినట్లు తెలుపుచున్నది. తమ్ముడు అచ్యుతరాయలు రాజ్యమునకు వచ్చినాడు.

రాయల కొలువులో పెరిగిన విశ్వనాథనాయకుడు ఆ సంవత్సర ప్రాంతముననే మదురై పాలకుడైనాడు. ఆ నాయకరాజుల వెంటను, వారి తరువాతను, తెలుగు కాపులు, కమ్మవారు, బలిజలు, దేవాంగులు ఇంకా ఎందరో దక్షిణమునకు తరలివచ్చినారు. మదురై చుట్టును, కోయంబత్తూరు నల్లరేగడి ప్రత్తి చేలలోను ఊళ్ళు కట్టుకొన్నారు. రాయలు పోయిన సుమారు డెబ్బదియేండ్లకు ఆ మదురై కొలువునందే రాయవాచకము అను తెలుగు వచనగ్రంథము పుట్టినది. విశ్వనాథనాయకుని స్థానాపతి విజయనగరమునుండి పంపిన వార్తవలె దానిని వ్రాసినారు. అందులో రాయలు పట్టము కట్టుకొంటాడు, అప్పాజీ మాట వింటాడు, మారువేషమున నగరము తిరుగుతాడు, కళింగము గెలుస్తాడు. కుమారుని మరణము, తిమ్మరుసు కన్నులు, గజ్జల నొప్పి అందులో లేవు. కావ్యమును తలపెట్టిన ఆ కళింగ విజయముతోనే మదురై తెలుగువారి రాయవాచకము ముగిసినది.